తాళం లోపల కాగితం, తాళం మీద పేరు

“తాళం వేసినాం మేడం, ఇంక భయం లేదు” అని మీలో ఎవరన్నా నా ముందర అంటే నాకు ఒళ్ళు మండుతాది. ముందే చెప్తాండా, తర్వాత ఏమనుకోవద్దండి. రిటైరై ఇంట్లో కూర్చుంటే కోపం తగ్గుతాదని మా ఇంట్లోవాళ్ళు ఆశపడినారు. ఏం తగ్గలే. తీరిక దొరికి ఇంకా పెరిగింది.

మొన్న కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నలుగురు ఇంటికొచ్చి, సర్వర్ల పని గురించి ఏదన్నా చెప్పమని అడిగినారు. మాటల్లో ఒకమ్మాయి భలే ధీమాగా, “ఫైలుకు పర్మిషన్ తీసేస్తే అయిపోయింది కదా మేడం, ఇంకెవరికీ ఏం తెలీదు” అనింది. ఆ పిల్లను అని లాభం లేదు. ఆ మాట నేనూ ఒకసారి అన్నాను. ఒక మనిషి ముఖంలోకి చూసి, చేయి పట్టుకుని మరీ అన్నాను. ఆ సంగతే మీకోసం రాస్తాండా. పేర్లు మాత్రం ఎవరివీ రాయను. పేరు రాసి ఒకసారి జరిగింది చాలు.

నేను పనిచేసిన సంస్థ ఆడపిల్లల హాస్టళ్ళు నడిపేది. హెడ్డాఫీసు నంద్యాలలో, హాస్టళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలో. ఆళ్ళగడ్డ హాస్టలు అన్నిట్లోకి పెద్దది. నల్లమల గూడేల పిల్లలు, ఉయ్యాలవాడ దిక్కు పల్లెల పిల్లలు ఆడ ఉండి చదువుకునేవాళ్ళు. నేను టైపిస్టుగా చేరినాను. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వస్తే వాటి వెంబడి పడి నేర్చుకున్నాను. చివరికి సర్వరు గది నాకే అప్పజెప్పినారు. అందరూ “సిస్టం మేడం” అనేవాళ్ళు. ఆ పిలుపు నాకు బాగా ఇష్టంగా ఉండేది, ఎందుకు దాచాల.

సర్వరులో రూట్ అని ఒక ఖాతా ఉంటాది. దానికి ఏ తాళమూ అడ్డం రాదు, ఎవరి ఫైలైనా తెరవొచ్చు. ఆ ఖాతా నా ఒక్కదాని చేతిలో ఉండింది. సంస్థను నడిపే పెద్దసారు ఉత్తరాలు, సిబ్బంది మీద ఫిర్యాదులు, వాళ్ళ వీళ్ళ సెలవు చీటీలు, అన్నీ నా చేతికింద ఉండేవి. ఒక్కటీ తెరిచి చదవలేదు. మనది కాని కాగితం మనం చదవకూడదని నాకు నేనే పెట్టుకున్న నియమం. దాని మీద నాకు ఎంత గర్వమంటే, కొత్తగా చేరినవాళ్ళకు పనిగట్టుకుని చెప్పేదాన్ని.

ఇంక మా సూపరింటెండెంటు. ఆయన దస్తూరి చూస్తే ముచ్చటేసేది, ముత్యాలు పోసినట్టు రాసేవాడు. కాగితాల కాలంలో ఫైలు అట్ట మీద ఎవరు, ఏ ఊరు, ఎవరి మీద, ఏం విషయం, నాలుగూ ఒకే వరసలో రాయాలని ఆయన పట్టు. “ఫైలు పేరు చూస్తే ఫైలు విప్పే పని పడకూడదమ్మా” అనేవాడు. కంప్యూటర్లు వచ్చినాక గూడా అదే పద్ధతి. లోకంలో అందరూ ఫైలుకు నాలుగక్షరాల పేరు పెడితే మా ఆఫీసులో శుభలేఖంత పేరు పెట్టేవాళ్ళు. నేను నవ్వుకునేదాన్ని. నవ్వి ఊరుకున్నాను. ఆ పేరు ఎవరికి కనపడుతాదో ఆలోచించాల్సింది ఆయన కాదు, నేను.

సంస్థలో ఒక ఏడాది ఫిర్యాదుల పెట్టె పెట్టినారు. దాని మీద పెద్ద అక్షరాలతో “మీ పేరు రహస్యంగా ఉంచబడును” అని రాయించినారు. పెట్టెలో పడిన కాగితాన్ని సూపరింటెండెంటు స్కాన్ చేసి, పేరు పెట్టి సర్వరులో వేయాల. పెద్దసారు చదివి చర్య తీసుకోవాల. దానికోసం “రహస్యం” అనే ఫోల్డరు నేనే చేసినాను.

ఇప్పుడు కొంచెం పని సంగతి చెప్పాల. భయపడొద్దండి, రెండు మాటల్లో ముగిస్తా. మా సర్వరులో ఒక్కో ఫైలుకు మూడు హక్కులు: చదివేది, రాసేది, నడిపేది. ఈ మూడూ సొంతదారుకు వేరే, గుంపుకు వేరే, మిగతా జనానికి వేరే ఇవ్వొచ్చు. “రహస్యం” ఫోల్డరులో పడే ప్రతి ఫైలుకూ నేను సూపరింటెండెంటుకు, పెద్దసారుకు తప్ప అందరికీ చదివే హక్కు తీసేసినాను. ఎవరన్నా నొక్కితే “పర్మిషన్ డినైడ్” అని మొహం మీద కొట్టినట్టు వస్తాది. ఇంతవరకు బాగుంది.

అయితే ఫైలు పేరు ఫైలులో ఉండదు. ఇది చానామందికి తెలీదు. పేరు ఉండేది ఫోల్డరులో. ఫోల్డరు అనేది ఒక పట్టీ, లోపల ఏమేం ఉన్నాయో రాసుకునే పట్టీ. ఆ పట్టీని చదివే హక్కు ఫోల్డరుది, ఫైలుది కాదు. ఫోల్డరును చదవనిచ్చి, లోపలికి పోనిచ్చినామంటే ఫైలుకు ఎన్ని తాళాలేసినా దాని పేరు, సొంతదారు, ఎంత సైజు, ఎప్పుడు మార్చినారు, అన్నీ దారినపోయేవాడికి గూడా కనపడతాయి. మీరు దాన్ని ముద్దుగా మెటాడేటా అంటారు.

నేను ఆ ఫోల్డరును అందరికీ తెరిచి పెట్టినాను. ఎందుకంటే సూపరింటెండెంటు వచ్చి, “ఏమ్మా, చివరి నంబరు ఏదో కనపడకపోతే హాస్టళ్ళవాళ్ళు వాళ్ళు పంపే కాగితాలకు తర్వాత నంబరు ఎట్లేస్తారు? అందరికీ లిస్టు కనపడనీ. ఫైళ్ళకు ఎట్లాగూ తాళం ఉంది గదా” అన్నాడు. నిజమే గదా అనుకున్నాను. ఫైలుకు తాళం ఉంది గదా! చదివే హక్కు లేని ఫైళ్ళు అసలు లిస్టులోనే కనపడకుండా చేసే సెట్టింగు ఒకటి ఉంది. ఒక్క లైను. ఒక్కటంటే ఒక్క లైను రాస్తే సరిపోయేది. రాయలేదు. ఈ రోజుకీ అది గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తాది.

ఆళ్ళగడ్డ హాస్టల్లో వంట చేసే ఆమె ఒక శుక్రవారం నంద్యాల బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చింది. ఎండకు ముఖం కమిలిపోయింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, దాంట్లో నాలుగు మడతలు పెట్టిన కాగితం. పెట్టె ఎదురుగా నిలబడి అటూ ఇటూ చూస్తాంది గానీ కాగితం వేయడం లేదు. నేనే పలకరించినాను.

“ఈ పెట్టెలో ఏస్తే పెద్దసారుకు తప్ప ఎవురికీ తెలీదంట గదా మేడం. నిజమేనా?”

“నిజమేనమ్మా. దాన్ని చూసుకునేది నేనే.”

“వార్డెనమ్మకు తెలిస్తే నా పని పోతాది. నా పని పోతే మా పాప హాస్టల్లో ఉండేదానికి ల్యా. పనోళ్ళ పిల్లలని గదా ఉండనిస్తాండారు. పదో తరగతి పరీచ్చలు ముందరుండాయి. ఈ కాగితం గూడా మా పాపే రాసింది, నాకు రాయను రాదు.”

నేను ఆమె చేయి పట్టుకున్నాను. “ఇట్ల చూడు. తాళం వేస్తాను. పెద్దసారు, సూపరింటెండెంటు సారు తప్ప ఎవరూ తెరవలేరు. నీ పేరు బయటికి రాదు.”

“ఒట్టు పెట్టు మేడం.”

మా చర్చిలో ఒట్లు పెట్టకూడదని చిన్నప్పటినుంచి చెప్తారు. అయినా పెట్టినాను. ఆమె కాగితం పెట్టెలో వేసి, కవరు జాగ్రత్తగా మడిచి కొంగున చెక్కుకుని వెళ్ళిపోయింది. కాగితంలో ఏముందని నేను అడగలేదు. చెప్పినాను గదా, నాకు నియమం.

మధ్యాహ్నం సూపరింటెండెంటు దాన్ని స్కాన్ చేసి పేరు పెట్టినాడు. నంబరు, ఆళ్ళగడ్డ, వంటామె, ఆమె పేరు ఇంటిపేరుతో సహా, “వార్డెన్‌తో గొడవ”. కాగితం మొదటి వరసలో “వార్డెనమ్మకు చెప్తే నా మీదికి గొడవకొచ్చింది” అని ఉండిందంట. ఆ ఒక్క వరస చూసి “గొడవ” అని పెట్టేసినాడు. చూస్తే విప్పే పని పడకూడదు గదా, ఆయన లెక్క ప్రకారం అది చాలా మంచి పేరు.

మూడు వారాలైంది. ఒకరోజు పొద్దున నేను ఆఫీసు మెట్లెక్కుతాంటే ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన ఒక ట్రంకు పెట్టె, పాప పుస్తకాల సంచి. నన్ను చూసి లేచింది. ఏడ్వలేదు. ఏడ్చినా బాగుండు.

“తాళమేసినానంటివి గదా మేడం.”

“ఏమైందమ్మా?”

“ఏం కావాల? నిన్న పొద్దున ఉప్మా కలబెడ్తాండా. వార్డెనమ్మ పిల్లోళ్ళందరి ముందర నిలబడి, నంద్యాలలో నా మీద ఏం కాగితం పెట్టినావే అనింది. శుక్రవారం పోయి పెట్టొచ్చినావంట, చాలక మొన్న బుధవారం ఇంకోటి చేర్పించినావంట, అని రోజులతో సహా చెప్పింది. నేను బుధవారం యాడికీ పోలే మేడం! నా పేరు, మా ఇంటిపేరు, అన్నీ చెప్తాంది. సామాన్లు ఎత్తుకోని పొమ్మనింది. పాపను గూడా.”

నేను సర్వరు గదిలోకి పరిగెత్తినాను. ఏ ఫైలును ఎవరు తెరిచినారో రాసుకునే లాగ్ ఒకటి ఉంటాది. చూసినాను. ఆ ఫైలును తెరవకూడనివాళ్ళు ఎవరూ తెరవలేదు. ఒక్కరు గూడా. నాకు ప్రాణం లేచొచ్చింది. నా తాళం గట్టిగానే ఉంది. బయటికొచ్చి, ట్రంకు పెట్టె పక్కన నిలబడిన ఆ మనిషితో నేనేమన్నానో తెలుసా?

“నా దగ్గరినుంచి పోలేదమ్మా. ఎవరూ తెరవలేదు. నువ్వే ఎవరికన్నా చెప్పింటావు.”

ఆమె నా దిక్కు చూసింది. “నేనెవురికి చెప్తా మేడం? మా పాపకు తెలుసు, నీకు తెలుసు” అనింది. ట్రంకు నెత్తిన పెట్టుకుని బస్టాండు దిక్కు నడిచిపోయింది.

నా ఉద్యోగంలో నేను చానా తప్పులు చేసినాను. ఒకసారి జీతాల రోజున సర్వరు ఆపేసినాను. ఇంకోసారి ఏడాది ఫోటోలన్నీ చెరిపేసినాను. అవి తలుచుకుంటే నవ్వొస్తాది. ఇది తలుచుకుంటే రాదు. యంత్రం మాట నమ్మి మనిషిని అబద్ధాలకోరును చేసినాను. యంత్రం అబద్ధమేం చెప్పలేదు. తెరిచినారా అని అడిగితే తెరవలేదనింది. పేరు చూసినారా అని నేను అడిగితే గదా!

రెండు రోజులకు ఆళ్ళగడ్డ హాస్టలు ఆఫీసులో ఉండే కంప్యూటర్ ఆపరేటర్ నాకు ఫోన్ చేసినాడు. ఆయన వార్డెన్‌కు స్వయానా తమ్ముడు. ఏమాత్రం జంకు లేకుండా ఇట్ల అన్నాడు:

“మేడం, ఆ వంటామె ఫైలు తెరుచుకోవడం ల్యాదు. ఎన్నిసార్లు నొక్కినా పర్మిషన్ డినైడ్ అంటాంది. కొంచెం సరిచేస్తారా?”

నేను కుర్చీలోనుంచి లేచి నిలబడినాను. “వంటామె ఫైలని నీకెట్ల తెలుసు?”

“ఏంది మేడం అట్లంటారు, పేరు రాసుందిగా! పోయిన బుధవారం సైజు గూడా డబులైంది, తారీకు మారింది. ఇంకేందో చేర్చింటారని మా అక్కకు చెప్పినా. లోపలేముందో మాత్రం కనపడ్ల్యా.”

ఫోన్ పెట్టేసి లాగ్ మళ్ళీ చూసినాను. ఈసారి తెరిచినవాళ్ళను కాదు, తెరవబోయి వెనక్కి తిరిగినవాళ్ళను. ఆళ్ళగడ్డ ఖాతానుంచి పదేపదే నొక్కినట్టు ఉంది. మొదటిసారి నేను వాటి దిక్కే చూడలేదు. ఆపరేటర్ ఖాతాతో నేనే లోపలికి పోయి ఫోల్డరు తెరిచినాను. నా కండ్ల ముందర ఆమె పేరు, ఇంటిపేరు, ఊరు, తారీకు, సైజు, అన్నీ ఉన్నాయి, గోడమీద పోస్టరు అంటించినట్టు. బుధవారం ఏం మారిందో సూపరింటెండెంటును అడిగితే తెలిసింది. ఆ కాగితానికి వెనకవైపు గూడా రాత ఉందని ఆయన ఆలస్యంగా చూసుకున్నాడంట. ఆ రోజు వెనకపేజీ స్కాన్ చేసి చేర్చినాడు. ఆయన చేర్చిన పేజీకి ఆమె ఉద్యోగం పోయింది.

“పేరు కనపడితే ఏమైందమ్మా? విషయం కనపడలేదు గదా” అన్నాడు ఆయన. నిజంగా అర్థం కాకనే అడిగినాడు. నాకు ఆ క్షణాన ఆయన దస్తూరిని, ఆయన ఒకే వరస పద్ధతిని, రెండు చేతులతో చించిపారేయాలనిపించింది. “విషయం కనపడింటే నయం సార్, కనీసం దేనికి తిట్టాలో తెలిసి తిట్టేవాళ్ళు” అన్నాను.

నేరుగా పెద్దసారు గదిలోకి పోయినాను. ఆమెను మళ్ళీ పనిలోకి తీసుకోవాలని, తప్పు నాదని చెప్పినాను. ఆయన మెత్తని మనిషి. కుర్చీలో వెనక్కి వాలి, అందరినీ పిలిపించి మాట్లాడదాం అన్నాడు. సోమవారం ఆయన గదిలో కూర్చున్నాం: పెద్దసారు, సూపరింటెండెంటు, ఆళ్ళగడ్డ వార్డెను, నేను. ఎవరి గురించి మాట్లాడతాండామో ఆ మనిషిని మాత్రం పిలవలేదు. గోడకు పెద్ద టీవీ, దానికి నా కంప్యూటర్ కలిపినాను.

వార్డెను కాఫీ తాగుతా, “ఆమె నోరు ఊరుకోదు సార్, ఆమే అందరికీ చెప్పుకునింది” అనింది.

“అదే నాకూ అనిపిస్తాంది” అన్నాడు పెద్దసారు. “మేడం, మన సిస్టంలో ఎవరూ ఆ ఫైలు తెరవలేదని మొదట మీరే చెప్పినారంట గదా. ఆ లాగ్ చూపించండి. అందరూ చూస్తే ఇంతటితో అయిపోతాది.”

నేను ముందు ఆళ్ళగడ్డ ఖాతాతో ఫోల్డరు తెరిచి చూపించినాను. టీవీ నిండా ఆమె పేరు. వార్డెను కప్పు కింద పెట్టింది. సూపరింటెండెంటు గొంతు సవరించుకున్నాడు. “సరే సరే, పేరు కనపడింది, ఇకమీదట కనపడకుండా చూడండి” అని పెద్దసారు తేల్చేయబోయినాడు.

“లాగ్ అడిగినారు గదా సార్, అది గూడా చూడండి” అని తెరిచినాను.

ఆ ఫైలును తెరిచినవాళ్ళ జాబితా. రెండే రెండు వరసలు. ఒకటి స్కాన్ చేసిన శుక్రవారంది, రెండోది వెనకపేజీ చేర్చిన బుధవారంది. రెండూ సూపరింటెండెంటువే. ఇంకెవరి పేరూ లేదు. నేను గూడా అప్పుడే, వాళ్ళతోపాటే, దాని అర్థం గ్రహించినాను. నెల దగ్గర పడతాంది. చదివి చర్య తీసుకోవాల్సిన మనిషి ఆ ఫైలును ఒక్కసారి గూడా తెరవలేదు.

పెద్దసారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“పేరులోనే ఉంది కదా మేడం,” అన్నాడు మెల్లగా, “వార్డెన్‌తో గొడవ అని. ఇట్లాంటివి నెలకు పది వస్తాయి. వంటవాళ్ళకూ వార్డెన్లకూ గొడవలు మామూలే. చూసి, వాళ్ళే సర్దుకుంటారనుకున్నా.”

నాకు ఏం పూనిందో, రూట్ ఖాతాతో ఆ ఫైలు తెరిచి టీవీ మీద పెట్టి, పైకి చదివినాను. ఉద్యోగంలో మొదటిసారి నాది కాని కాగితం చదవడం. పదో తరగతి పిల్ల రాత, గుండ్రంగా, తప్పుల్లేకుండా.

గొడవ గురించి మొదటి వరస ఒక్కటే. మిగతాదంతా నీళ్ళ గురించి. హాస్టలు సంపు మూత పగిలి రెండు నెలలైంది. పక్కన మురుగు కాలువ పొంగినప్పుడు ఆ నీళ్ళు సంపులోకి పోతాండాయి. అవే పిల్లలు తాగుతాండారు. గూడెం పాప ఒకామెకు కండ్లు పచ్చబడినాయి, తిన్నది ఇముడ్తా ల్యాదు. వార్డెనమ్మకు చెప్తే ఊరికే రచ్చ చేయొద్దని, ఆ పాపను ఒంటరిగా బస్సెక్కించి ఇంటికి పంపించింది. ఇప్పుడు ఇంకో ముగ్గురు పడుకున్నారు. వెనకపేజీలో ఆ ముగ్గురి పేర్లు, ఏ గదిలో ఉండారో. చివర ఒక వరస: “నేను కాచి చల్లార్చి ఇస్తాండా గానీ అందరికీ సరిపోయేంత గ్యాస్ ఇవ్వడం లేదు, తొందరగా వచ్చి చూడండి సార్.”

వార్డెను ముఖంలో నెత్తురు చుక్క లేదు. “ఇదేనా రాసింది?” అనింది. “నేను… నేను గ్యాస్ బండలు మా ఇంటికి తీసకపోయినానని రాసిందనుకున్నా.” ఎవరూ అడగకుండానే ఆ మాట బయటపెట్టేసింది పాపం. అప్పుడు ఎవరికీ దాన్ని పట్టించుకునే తీరిక లేదు. పెద్దసారు అప్పటికే డాక్టరుకు ఫోన్ చేస్తాండాడు.

ఆ సాయంత్రానికి ఆళ్ళగడ్డలో పిల్లలందరికీ రక్తపరీక్షలు చేయించినారు. సగానికి సగం మందికి కామెర్లు. సంపు కడిగించినారు, మూత వేయించినారు. పని ఎంత తొందరగా అయిందంటే, ఇంత తొందరగా చేయగలిగినవాళ్ళు నెల రోజులు ఏం చేస్తాండారని నాకు ఇంకా ఎక్కువ మండింది. వార్డెన్‌ను పాణ్యం హాస్టలుకు మార్చినారు. అంతే, మార్చినారు. సూపరింటెండెంటును ఎవరూ ఏమీ అనలేదు. పెద్దసారును అనేవాళ్ళు ఎవరూ లేరు. మెమో ఇచ్చింది నాకు. “అనుమతి లేకుండా రహస్య ఫైలును తెరిచి, నలుగురి ముందర చదివినందుకు” సంజాయిషీ ఇవ్వమన్నారు. ఆ మెమోను చూసి నేను ఎంత గట్టిగా నవ్వినానంటే పక్క గదిలోవాళ్ళు వచ్చి నాకేమైందని అడిగినారు.

ఫోల్డరు మాత్రం సరిచేసినాను. బయటివాళ్ళకు పట్టీ చదివే హక్కు తీసేసినాను. ఆ ఒక్క లైను రాసినాను. ఫైలుకు నంబరు తప్ప ఇంకే పేరూ పెట్టకూడదని రూలు పెట్టించినాను. పెద్దసారు ఫైలు తెరవకుండా మూడు రోజులు దాటితే ఆయన తెర మీద ఎర్రగా వచ్చేటట్టు చేసినాను. ఇదంతా చేయడానికి ఒక పూట పట్టింది.

ఆమెను పనిలోకి రమ్మని ఉత్తరం పంపించినారు. రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఒక ఆదివారం చర్చి అయినాక నేనే ఆళ్ళగడ్డ బస్సెక్కినాను.

అహోబిలం పోయే దారిలో రాతి బొమ్మలు చెక్కే షెడ్లు ఉంటాయి. ఆ షెడ్ల పక్కన టిఫిన్ బండి దగ్గర ఆమె పని కుదుర్చుకునింది. ఉలుల చప్పుడు, గాలి నిండా రాతి పిండి. దోసెలు పోస్తాంది. పాప ఏమైందని అడిగితే, చిన్నమ్మ ఇంట్లో ఉండి పరీక్షలు రాసిందని చెప్పింది. నేను ఆ రోజు అన్న మాటకు క్షమించమని అడిగినాను.

“ఊర్కో మేడం. పెద్ద ఉద్యోగస్తురాలివి, నీకు తెలిసింది నువ్వు చెప్పినావు” అనింది, పెనం మీదనుంచి చూపు తీయకుండా.

నాకు ఊరుకోవడం చేతకాలేదు. జరిగిందంతా వివరంగా చెప్పుకుంటా పోయినాను. ఫోల్డరు పట్టీ, ఆళ్ళగడ్డ ఆపరేటర్, బుధవారం సైజు. ఆమె వింటా ఉండింది. చివరికి, అదేదో ఆమెకు ఊరటైనట్టు, “లోపలిది మాత్రం ఎవరూ చదవలేదమ్మా, ఆ మీటింగు రోజుదాకా. పేరు ఒక్కటే చూసినారు” అన్నాను.

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

“ఎవురూ సదవలేదా?”

“లేదమ్మా.”

“ఆ గూడెం పాపను బస్సెక్కించి పంపించిన వారంలోనే రాయించినా మేడం. తర్వాత ఆ పాపను కర్నూలు ఆస్పత్రిలో ఏసినారంట. బతికింది. సదువు ఇడిసిపెట్టింది. మళ్ళ ఈ దిక్కు రాల్యా.” పెనం మీద దోసె మాడతాంది. ఆమె చూసుకోలేదు. “నా పేరు ఊరంతా తెలిస్తే తెలియనీ. పని పోతే పోనీ. ఎవురన్నా ఒక్కరు సదివింటే సాలు గదా.”

నేను పెనం కింద మంట తగ్గించినాను.

“సూపర్నెంటు సారు ఒక్క వరస సూసి ఇడిసిపెట్టె. పెద్దసారుకు పేరే సాలె. వార్డెనమ్మ తమ్మునికి తెరుచుకోల్యా.” ఒక్కొక్కరినీ వేళ్ళ మీద లెక్కపెట్టి, అప్పుడు నా దిక్కు తిరిగింది. కోపంగా గాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

“నీకు గూడా తెరుచుకోదా మేడం అది?”

“తెరుచుకుంటాదమ్మా” అన్నాను.